డాక్టరుకు హౌస్ సర్జన్సీ ఉంది.. మరి టీచరుకు? భోగాపురం బడి నుంచి చూస్తే..

విశాఖపట్నం కేజీహెచ్ మెట్లెక్కిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు హౌస్ సర్జన్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, కళ్లలో నిద్రలేమి. ఎంబీబీఎస్ పరీక్షలన్నీ గట్టెక్కినా, ఏడాదిపాటు సీనియర్ డాక్టర్ల కనుసన్నల్లో వార్డుల్లో తిరిగితేనే శాశ్వత రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ ఏడాదిలో పొరపాటు జరిగితే సరిదిద్దే మనిషి పక్కనే ఉంటారు.

అదే కేజీహెచ్ నుంచి జాతీయ రహదారి మీద తగరపువలస దాటి సుమారు 45 కిలోమీటర్లు వస్తే భోగాపురం. కొత్త విమానాశ్రయం పుణ్యమా అని ఇప్పుడు ఈ పేరు రాష్ట్రమంతా తెలుసు. రహదారి దిగి సముద్రం వైపు వెళ్తే ముక్కాం, చేపలకంచేరు, కొంగవానిపాలెం లాంటి మత్స్యకార గ్రామాలు వస్తాయి. ఇలాంటి ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాలకు డీఎస్సీలో ఎంపికైన కొత్త ఎస్జీటీ వచ్చారనుకుందాం. మొదటి రోజే హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనం లెక్క, ఫోన్‌లో శాఖ యాప్, ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలు అన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. పాఠం సరిగ్గా నడుస్తోందా లేదా అని పక్కన కూర్చుని చెప్పేవారు ఉండరు. ఇద్దరే టీచర్లున్న బడిలో రెండో మనిషికీ తన తరగతులు తనకుంటాయి.

డాక్టరు విషయంలో ఒప్పుకోని ఏర్పాటును టీచరు విషయంలో మనం ఎందుకు మామూలుగా తీసుకుంటున్నాం? కొన్ని దేశాలు దీనికి వెతుక్కున్న జవాబు పేరే 'టీచర్ రెసిడెన్సీ'.

రెసిడెన్సీ అంటే హాస్టలు కాదు

రెసిడెన్సీ అనగానే మనకు గురుకులాలు, రెసిడెన్షియల్ కాలేజీలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ అర్థం కాదు. ఈ మాటను వైద్య విద్య నుంచి తీసుకున్నారు. టీచరు కావాలనుకునే వ్యక్తి పూర్తి విద్యా సంవత్సరం ఒకే బడిలో, ఒకే అనుభవజ్ఞుడైన టీచరు పక్కన పనిచేస్తారు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్‌లో మూసే దాకా ఆ తరగతితోనే ఉంటారు. మొదట చూస్తారు, తర్వాత ఒక చిన్న గుంపుకు చెబుతారు, ఆ తర్వాత ఒక పీరియడ్, చివరికి రోజంతా. ఖర్చులకు స్టైపెండ్ ఇస్తారు. అందుకు బదులుగా, ఏడాది పూర్తయ్యాక టీచర్ల కొరత ఉన్న బడుల్లోనే కొన్నేళ్లు పనిచేస్తామని మాట తీసుకుంటారు.

అమెరికాలో షికాగో 2001లో, బోస్టన్ 2003లో, డెన్వర్ 2004లో ఇలాంటి కార్యక్రమాలు మొదలుపెట్టాయి. పేదలు, వలసవచ్చినవారు ఉండే పేటల్లోని ప్రభుత్వ బడులకు టీచర్లు రాకపోవడం, వచ్చినవాళ్లు రెండు మూడేళ్లకే వెళ్లిపోవడం వాటికి మూలం. బోస్టన్‌లో రెసిడెంట్లు వారంలో నాలుగు రోజులు తరగతి గదిలో, మిగిలిన సమయం చదువులో గడుపుతారు. తర్వాత మూడేళ్లు ఆ నగరం బడుల్లోనే పనిచేయాలి.

ఫలితం ఎలా ఉంది? ఇక్కడ కాస్త నిజాయతీగా చెప్పుకోవాలి. బోస్టన్ కార్యక్రమంపై హార్వర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో రెసిడెన్సీ నుంచి వచ్చినవారు మొదటి ఏడాదిలో మిగతా కొత్త టీచర్ల కంటే మెరుగ్గా ఏమీ కనిపించలేదు. లెక్కల్లో అయితే కాస్త వెనకబడ్డారు కూడా. కానీ వాళ్లు వేగంగా మెరుగుపడ్డారు. నాలుగైదేళ్లకు అనుభవజ్ఞులను దాటేశారు. అన్నిటికంటే ముఖ్యం, ఐదో ఏడాదికి కూడా బడిలో మిగిలినవారు వీళ్లలోనే ఎక్కువ. రెసిడెన్సీ మంత్రదండమేమీ కాదు. మనిషి వెళ్లిపోకుండా, నేర్చుకుంటూ నిలబడేలా చేసే ఏర్పాటు.

జపాన్‌ది ఇంకో దారి. అక్కడ ఉద్యోగం ఇచ్చాకే నేర్పిస్తారు. 1980ల చివర్లో చట్టం మార్చి, ప్రభుత్వ బడిలో చేరిన ప్రతి కొత్త టీచరుకూ మొదటి ఏడాదంతా మార్గదర్శి టీచరు పర్యవేక్షణలో శిక్షణ తప్పనిసరి చేశారు. ఇందులో జీతం కోత లేదు.

మన దగ్గర టీచరు ఎలా తయారవుతారు?

ప్రాథమిక పాఠశాల టీచరు కావాలంటే ఇంటర్ తర్వాత డీఈఈసెట్ రాసి, రెండేళ్ల డీఎల్‌ఎడ్ చదవాలి. పెద్దవాళ్ల మాటల్లో ఇప్పటికీ ఇది 'టీటీసీ'యే. ఉన్నత పాఠశాల స్కూల్ అసిస్టెంట్ పోస్టుకైతే డిగ్రీ తర్వాత బీఈడీ. బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చేసింది. చిన్నపిల్లలకు చదవడం, రాయడం నేర్పించడం వేరే విద్య అని, దానికి వేరే శిక్షణ కావాలని ఆ తీర్పు సారాంశం. మా దృష్టిలో ఇది చాలా విలువైన మాట. కానీ ఆ వేరే శిక్షణ నిజంగా అందుతోందా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

కాగితం మీద చూస్తే పరిస్థితి బాగానే ఉంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడిలో గడపాలి. దీన్నే స్కూల్ ఇంటర్న్‌షిప్ అంటారు. అంతకుముందు నడిచిన కొద్ది వారాల 'టీచింగ్ ప్రాక్టీస్'తో పోలిస్తే ఇది పెద్ద మార్పు. దీని వెనక జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక ఉంది. కోర్సు కాలం పెంచాలని, ప్రతి శిక్షణ కళాశాలకూ ప్రయోగశాల లాంటి ఒక బడి అనుబంధంగా ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. నిజానికి అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందే, 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా టీచర్ల శిక్షణ సంస్థలు బడులకు దూరంగా ఒంటరిగా బతుకుతున్నాయని గుర్తించింది.

ఇక నేల మీద సంగతి. డీఎల్‌ఎడ్, బీఈడీ చదివినవారు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఒకసారి అడిగి చూడండి. లెసన్ ప్లాన్లు, టీఎల్‌ఎం, రికార్డులు అన్న మాటలు వినగానే చాలామంది నవ్వుతారు. డబ్బులిచ్చి రాయించుకున్న రికార్డులు, అద్దెకు తెచ్చిన చార్టులు, కాలేజీకి రాకుండానే కోర్సు పూర్తిచేసే 'నాన్ అటెండింగ్' ప్యాకేజీలు తెలుగు నాట రహస్యమేమీ కాదు. శ్రద్ధగా బడికి వెళ్లినవారి అనుభవం కూడా చాలాసార్లు ఒక్కటే. బడిలో టీచరు సెలవులో ఉంటే ఆ తరగతి వీళ్లకు అప్పజెబుతారు. అంటే నేర్చుకోవడానికి వెళ్లినవారు ఖాళీ పూడ్చడానికి పనికొస్తారు. పాఠం అయ్యాక కూర్చోబెట్టి, ఆ పిల్లవాడు ఎందుకు వెనకబడ్డాడో గమనించావా అని అడిగే తీరిక అక్కడి టీచరుకు ఉండదు. ఆ పనికి వారికి అదనపు సమయం లేదు, గుర్తింపు లేదు, రూపాయి లేదు.

తర్వాత టెట్, ఆ పైన డీఎస్సీ. ఎస్జీటీ ఎంపికలో డీఎస్సీ రాతపరీక్షకు 80, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఈ వందలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడానికి ఒక్క మార్కూ లేదు. డ్రైవింగ్ లైసెన్సుకైనా ఆర్టీవో ఆఫీసులో బండి నడిపి చూపించాలి కదా అని ఎవరైనా అంటే తప్పుపట్టలేం.

ఒక ఏడాది ఎక్కడ? ఒక వారం ఎక్కడ?

2024 జూన్ 13న ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు తొలి సంతకం మెగా డీఎస్సీ ఫైలుపై చేశారు. 16,347 పోస్టులు. వాటిలో 6,371 ఎస్జీటీ, 7,725 స్కూల్ అసిస్టెంట్. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది, జూన్ నుంచి ఆన్‌లైన్ పరీక్షలు జరిగాయి, 3 లక్షల మందికి పైగా పోటీపడ్డారు. చివరికి 15,941 మంది ఎంపికై, సెప్టెంబర్ 25న నియామక పత్రాలు అందుకున్నారు. ఏళ్లుగా ఎదురుచూసిన కుటుంబాలకు అది పండగ. ఆ సంతోషాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు.

ఆ తర్వాత అక్టోబర్ మొదటి పక్షంలో వారం రోజులు శిక్షణ ఇచ్చి, అదే నెలలో బడుల్లో చేర్చారు. విద్యా సంవత్సరం సగం నడిచాక, వారం రోజుల పరిచయంతో కొత్త టీచరు తరగతిలోకి అడుగుపెట్టారన్నమాట. ఇది ఒక్క ప్రభుత్వం చేసిన పని కాదు. డీఎస్సీ ఎప్పుడు పెట్టినా, పోస్టుల భర్తీ ఆలస్యమవడం, ఖాళీ బడికి మనిషిని పంపాలన్న తొందర శిక్షణ రోజుల్ని మింగేయడం పాత కథే.

కొత్తవారు వెళ్లేది ఏ బడికి?

నగర పాఠకులకు అంతగా తెలియని అసలు విషయం ఇదే. ఏ టీచరు ఏ ఊరికి వెళ్లాలన్నది పాయింట్ల లెక్కతో తేలుతుంది. ఇంటి అద్దె భత్యం, రోడ్డు సౌకర్యాన్ని బట్టి ఊళ్లను నాలుగు కేటగిరీలు చేశారు. పట్టణాల్లో పనిచేస్తే ఏడాదికి 1 పాయింట్, ఆ తర్వాత 2, 3. వానాకాలంలో దారి మూసుకుపోయే ఊళ్లు, కొండమీది ఊళ్లు నాలుగో కేటగిరీ. అక్కడ ఏడాదికి 5 పాయింట్లు. ఒకే చోట 8 విద్యా సంవత్సరాలు దాటితే టీచరుకు బదిలీ తప్పనిసరి. 2025లో ఈ బదిలీలకు ప్రత్యేకంగా చట్టమే చేశారు.

ఉద్దేశం మంచిదే. కష్టమైన ఊళ్లో పనిచేసినవారికి తర్వాత కోరుకున్న చోటు దొరకాలి. దీనికే ఇంకో వైపు కూడా ఉంది. మారుమూల బడి అంటే పాయింట్లు కూడబెట్టుకుని బయటపడే చోటు అన్న లెక్క వ్యవస్థలోనే స్థిరపడిపోయింది. ముందు సీనియర్ల బదిలీలు, పదోన్నతులు పూర్తవుతాయి. ఎవరూ కోరుకోక మిగిలిన ఖాళీలు కొత్త డీఎస్సీ వారి వెబ్ ఆప్షన్లలోకి వస్తాయి. ఎక్కువ అనుభవం కావాల్సిన బడికి తక్కువ అనుభవం ఉన్నవారు వెళ్తారు. వాళ్లకు ఆ బడి పిల్లలు అర్థమయ్యే సమయానికి మళ్లీ బదిలీల షెడ్యూలు వస్తుంది. ఇందులో టీచర్ల తప్పు వెతకడం అన్యాయం. పిల్లల చదువు, భార్యాభర్తల ఉద్యోగాలు, ముసలి తల్లిదండ్రులు ఎవరికైనా ఉంటారు.

భోగాపురం పూర్తిగా మారుమూల కాదు. రహదారి పక్కనే ఉంది, విజయనగరం నుంచి, విశాఖ నుంచి రోజూ వచ్చి వెళ్లొచ్చు. అందుకే ఇక్కడి సమస్య వేరు. బడికి టీచరు వస్తారు, ఊళ్లో ఉండరు. సాయంత్రం బస్సు ఎక్కేస్తే ఆ ఊరి రాత్రి ఎలా ఉంటుందో తెలియదు. మత్స్యకార గ్రామాల్లో అది తెలియకపోతే చాలా సంగతులు అంతుబట్టవు. ఉత్తరాంధ్ర తీరంలో వేట లేని రోజుల్లో మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళ్తారు. అలా వెళ్లి, 2018లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన 20 మంది మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారే. 'తండేల్' సినిమా చూసినవారికి ఆ కథ గుర్తుండే ఉంటుంది. తండ్రి ఆరు నెలలు సముద్రం మీద ఉంటే ఇంట్లో పెద్దపిల్ల బడి మానేసి తమ్ముణ్ని చూసుకుంటుంది. హాజరుపట్టీలో అది వట్టి గైర్హాజరీగానే కనిపిస్తుంది.

ఇటు రహదారి వైపు కథ ఇంకొకటి. విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లను ఖాళీ చేయించి గూడెపువలస, లింగాలవలసల దగ్గర పునరావాస కాలనీల్లో ఇళ్లు కట్టించారు. ఊరు మారిన పిల్లలతో ఎలా మాట్లాడాలన్నది ఏ డీఎస్సీ గైడులోనూ ఉండదు.

భాష సంగతి సరేసరి. ఇక్కడి పిల్లవాడు 'ఏటి?' అంటే అది అతని ఇంటి తెలుగు. పుస్తకంలో 'ఏమిటి' అని ఉంటుంది. మొదటి తరగతిలో ఈ రెండిటినీ కలిపే వంతెన టీచరు. 'ఏటి' తప్పు అని తల మీద మొట్టితే, ఆ పిల్లవాడు నోరు తెరవడం మానేస్తాడు. ఇది తెలిసిన టీచరు పక్కన రెండు నెలలు కూర్చుంటే చాలు, కొత్తవారికి జీవితాంతం గుర్తుండిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోని 13 జిల్లాల్లో అక్షరాస్యత అన్నింటికంటే తక్కువ ఉన్నది విజయనగరంలోనే, 58.89 శాతం. ఆ లెక్క తీసే నాటికి బడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులవుతున్నారు.

'అప్రెంటిస్' అంటే టీచర్లు ఎందుకు భగ్గుమంటారు?

కొత్త టీచరును కొంతకాలం శిక్షణలో ఉంచుదాం అని మన రాష్ట్రంలో ఎవరైనా అంటే సంఘాలు ముందు అనుమానంగా చూస్తాయి. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. 1980ల్లో, 90ల తొలినాళ్లలో డీఎస్సీలో ఎంపికైనవారిని 'స్పెషల్ టీచర్ల' పేరుతో నెలకు 398 రూపాయలకు పనిచేయించారు. చేసింది పూర్తి టీచరు పని, ఇచ్చింది చిల్లర. '398 టీచర్లు' అన్న పేరు అలా నిలిచిపోయింది. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వాళ్లు రిటైరయ్యే వయసు దాకా తిరిగారు. ఆ తర్వాత అప్రెంటిస్ విధానం వచ్చింది. రెగ్యులర్ స్కేలు బదులు రెండేళ్లు తక్కువ మొత్తం ఇచ్చేవారు. పేరు అప్రెంటిస్ అయినా పక్కన గురువు ఎవరూ లేరు, మొదటి రోజు నుంచే ఒంటరిగా తరగతి నడపాలి. ఎన్నో ఆందోళనల తర్వాత అది పోయింది. 2024 ఫిబ్రవరి డీఎస్సీ నోటిఫికేషన్ సమయంలో మళ్లీ ఆ మాట వినిపించగానే సంఘాలు రోడ్డెక్కడానికి కారణం ఇదే.

కాబట్టి ఎవరైనా 'రెసిడెన్సీ' అంటూ వస్తే రెండు విషయాలు చూడాలి. పక్కన మార్గదర్శి టీచరు ఉన్నారా? ఎంపికైనవారి జీతం, సర్వీసు లెక్క తగ్గుతున్నాయా? మొదటిదానికి లేదు, రెండోదానికి అవును అని జవాబొస్తే అది పాత 398 బాపతే.

ఈమధ్య వినిపించే ఫెలోషిప్‌లు కూడా రెసిడెన్సీ కిందికి రావు. 2009లో మొదలైన టీచ్ ఫర్ ఇండియాలో యువతీయువకులు కొద్ది వారాల శిక్షణతో రెండేళ్లు పేద పిల్లల తరగతులకు తామే టీచర్లుగా వెళ్తారు. హైదరాబాద్‌లోనూ ఉంది. దాని మంచిచెడ్డలు దానివి, అది వేరే చర్చ.

మన నేల మీదే ఉన్న నమూనాలు

బడిలో ఉండి బడిని నేర్చుకోవడం మనకు కొత్త కాదు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులును వ్యావహారిక భాషోద్యమం వల్ల అందరం తలుచుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. అదే గిడుగు సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. పిల్లల భాష రాని టీచరు ఎంత చదివినా ఉపయోగం లేదని ఆయన వందేళ్ల కిందట గ్రహించారు. ఇప్పుడు ఆ సవర ఊళ్లు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, పక్కనే ఒడిశా కొండల్లో ఉన్నాయి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ ప్రశ్న ఇంకా పదునెక్కింది.

రెండోది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ, ఒకే టీచరు అనేక తరగతుల పిల్లలకు ఒకేసారి ఎలా చెప్పాలో పద్ధతి తయారుచేసింది. కార్డులు, మెట్లు, ఎవరి వేగంతో వాళ్లు. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు ఇక్కడికి వచ్చి, పనిచేస్తున్న బడుల్ని చూసి నేర్చుకుని వెళ్లారు. తర్వాత తమిళనాడు దాన్నే రాష్ట్రమంతటా ప్రాథమిక బడుల్లోకి తీసుకెళ్లింది. మన రాష్ట్రంలో పుట్టిన పద్ధతిని పక్క రాష్ట్రం అందుకుంది, మనం అందుకోవాల్సినంత అందుకోలేదు. ఏకోపాధ్యాయ, ద్వ్యుపాధ్యాయ బడులకు పంపే కొత్త టీచరు చూడాల్సింది సరిగ్గా ఇలాంటి బడినే. పవర్‌పాయింట్ స్లయిడ్ మీద బహుళ తరగతి బోధన అర్థం కాదు.

మూడోది మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా దాని పరిధిలోనివే. క్యాంపస్‌లోనే ఒక పాఠశాల ఉంటుంది. నాలుగేళ్ల కోర్సు విద్యార్థులు ఆ బడితో కలిసి పెరుగుతారు. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి టీచర్లందరికీ కనీస అర్హత చేయాలనుకుంటున్న నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీకి ఇదొక పాత ఉదాహరణ. ఆ కోర్సులో చేరడానికి జాతీయ స్థాయిలో ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఇంటర్ చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పేరు గుర్తుపెట్టుకోవడం మంచిది.

భోగాపురంలో పెట్టాలంటే ఏం కావాలి?

ఆశ్చర్యం ఏంటంటే, ముక్కలన్నీ ఇప్పటికే ఉన్నాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున పెట్టిన డైట్‌లు భోగాపురానికి అటు భీమునిపట్నంలో, ఇటు విజయనగరంలో ఉన్నాయి. శ్రీకాకుళం వైపు వమరవల్లిలో ఉంది. మండలాల్లో స్కూల్ కాంప్లెక్సులు, వాటికి సీఆర్‌ఎంటీలు ఉన్నారు. 2025లో జీవో 117ను పక్కనపెట్టి బడుల్ని మళ్లీ వర్గీకరించాక, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. రెసిడెంటును కూర్చోబెట్టడానికి సరైన చోటు అవే. ఐదుగురు టీచర్లున్న బడిలో ఒకరు మార్గదర్శిగా వారానికి నాలుగైదు పీరియడ్లు కేటాయించగలరు. ఒక్కరే ఉన్న బడిలో కుదరదు. మొదటి ఆరు నెలలు మోడల్ స్కూల్లో, ఆ తర్వాత అదే కాంప్లెక్సులోని చిన్న బడిలో అన్నట్టు రెండంచెలుగా నడపొచ్చు.

ఖర్చు? ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక డైట్ నుంచి 50 మందికి నెలకు 15 వేల చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఇస్తే 75 లక్షల రూపాయలు. ప్రస్తుత పీఆర్‌సీలో కొత్త ఎస్జీటీ మూల వేతనం 32,670. పాతికేళ్లకు పైగా సర్వీసు చేయబోయే మనిషిపై మొదటి ఏడాది పెట్టే ఈ ఖర్చు పెద్దదా చిన్నదా అన్నది పాఠకులే తేల్చుకోవచ్చు. డబ్బుకంటే కష్టమైనది మార్గదర్శి టీచర్ల ఎంపిక. సీనియారిటీ ప్రకారం ఇస్తే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది. బాగా చెప్పేవారు ఎవరో మండలంలో అందరికీ తెలుసు, ఆ తెలివిడిని జాబితాగా మార్చే ధైర్యం శాఖకు ఉండాలి. వారికి బదిలీల్లో పాయింట్లో, భత్యమో ఇవ్వాలి. మారుమూల సేవకు 5 పాయింట్లు ఇస్తున్న వ్యవస్థ, ఒక కొత్త టీచరును తయారుచేసినందుకు ఒకటైనా ఇవ్వలేదా?

అడ్డంకులూ తక్కువేం కాదు. డైట్‌లలోనే అధ్యాపక పోస్టుల ఖాళీలు ఏళ్లుగా ఉన్నాయి. డీఎస్సీ ఏటా క్రమం తప్పకుండా వస్తే తప్ప, రెసిడెన్సీ పూర్తిచేసినవారు ఉద్యోగం కోసం నాలుగైదేళ్లు ఎదురుచూడాలి. ఆలోగా నేర్చుకున్నది చల్లారిపోతుంది. అందుకే జపాన్ తరహాలో, డీఎస్సీలో ఎంపికయ్యాక పూర్తి జీతంతో మొదటి ఏడాదిని మార్గదర్శనంలో నడపడం మనకు దగ్గరి దారి అనిపిస్తోంది. కొత్త చట్టం అక్కర్లేదు. ప్రొబేషన్ ఎలాగూ ఉంది. దాని అర్థాన్ని సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ నుంచి బడిలో ఒక పనిగా మార్చాలి.

మీరేం అడగొచ్చు?

మీ పిల్లలు ప్రభుత్వ బడిలో ఉన్నా, మీ సొంతూరి బడి గురించి పట్టించుకుంటున్నా, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలోనో, ఏటా జరిగే తల్లిదండ్రులు-టీచర్ల మెగా సమావేశంలోనో కొత్తగా వచ్చిన టీచరుకు సహాయంగా ఎవరున్నారని అడగొచ్చు. నిలదీసినట్టు కాకుండా ఆ టీచరు తరఫున అడిగితే జవాబు త్వరగా వస్తుంది. జిల్లా డైట్ ఇంటర్న్‌షిప్‌కు విద్యార్థుల్ని ఏ బడులకు, ఎన్ని వారాలు పంపిందో, అక్కడ పర్యవేక్షించింది ఎవరో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో తెలుసుకోవచ్చు.

డీఎల్‌ఎడ్ లేదా బీఈడీలో చేరబోతున్నవారైతే కాలేజీ ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేయండి. మీ ఇంటర్న్‌షిప్ ఏ బడిలో? ఆ బడి పేరు చెప్పలేని కాలేజీలో ఫీజు ఎంత తక్కువైనా ఆలోచించాల్సిందే. పేరు చెబితే, ఒక ఉదయం ప్రార్థన వేళకు ఆ బడికి వెళ్లి, గత ఏడాది వచ్చిన విద్యార్థులు ఎన్ని రోజులున్నారో అక్కడి హెడ్మాస్టరును అడిగి రండి.